ఆ పది నిమిషాలను మాకు వదిలిపెట్టండి: ప్రధానోపాధ్యాయులకూ, పాఠశాలల యాజమాన్యాలకూ ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు, పాఠశాలల యాజమాన్య ప్రతినిధులకు నమస్కారములు.

ఇరవై రెండు సంవత్సరాలుగా ఉన్నత తరగతులకు భాష బోధిస్తున్న ఉపాధ్యాయురాలిగా ఈ లేఖ రాస్తున్నాను. జీతాల గురించి గాని, సెలవుల గురించి గాని అడగడానికి కాదు. వాటిని అడగవలసినవారు అడుగుతూనే ఉన్నారు. నేను అడగబోయేది చాలా చిన్నది, ఏ బడ్జెట్ కాగితంలోనూ పద్దుగా కనిపించనిది. రెండు పీరియడ్ల నడుమ, పక్క కుర్చీలో కూర్చున్న తోటి ఉపాధ్యాయులతో మాకు దొరికే పది నిమిషాల గురించి.

కొంతకాలం క్రితం నేను పనిచేసిన ఒక పాఠశాలలో ఒకే సంవత్సరంలో మూడు మార్పులు జరిగాయి. స్టాఫ్‌రూమ్‌ను కంప్యూటర్ గదిగా మార్చారు. లీజర్ పీరియడ్‌లో ఎవరి తరగతి దగ్గర వారే కూర్చుని పుస్తకాలు దిద్దుకోవాలని చెప్పారు. ఎవరు సెలవు పెట్టినా ఆ పీరియడ్‌కు సర్దడానికి ఒకరు చేతిలో ఉండాలి కాబట్టి, ఇద్దరికి ఒకేసారి ఖాళీ రాకుండా టైమ్‌టేబుల్ వేశారు. ఇవేవీ మమ్మల్ని కష్టపెట్టాలని చేసినవి కావు. పిల్లలకు కంప్యూటర్ గది అవసరమే, దిద్దవలసిన పుస్తకాలు దిద్దవలసినవే, ఖాళీ తరగతిలోకి ఎవరో ఒకరు వెళ్ళవలసినదే. విడివిడిగా చూస్తే మూడూ సబబుగానే ఉన్నాయి. మూడూ కలిసేసరికి మాత్రం, ముప్పై మంది పెద్దవాళ్ళం ఒకే కప్పు కింద పనిచేస్తూ, మెట్ల మీద ఎదురుపడినప్పుడు తల ఊపుకోవడం తప్ప ఒకరి ముఖం ఒకరం తీరిగ్గా చూసుకోని పరిస్థితి వచ్చింది. దాని వల్ల ఏం పోయిందో మాకు కూడా వెంటనే తెలియలేదు. ఏదో పోయిందని మాత్రం మొదటి నెలలోనే అర్థమైంది.

స్టాఫ్‌రూమ్‌లో ఏం జరుగుతుందో మీకు చెప్పనక్కర్లేదు, మీలో చాలామంది ఒకప్పుడు అక్కడ కూర్చున్నవారే. అయితే కార్యాలయం గదిలోకి మారిన తరువాత చెవి కూడా మారుతుందేమోనని నాకు ఒక అనుమానం. లోపల కూర్చున్నప్పుడు నవ్వుగా వినిపించినదే, గోడ అవతలి నుంచి విన్నప్పుడు ‘వీళ్ళకు పని తక్కువైంది’ అన్నట్టు వినిపిస్తుంది. అందుచేత ఆ నవ్వులో ఒకదాన్ని విప్పి చూపిస్తాను.

ఒక మధ్యాహ్నం మా భౌతికశాస్త్రం మాస్టారు జవాబుపత్రాలు దిద్దుతూ దిద్దుతూ ఆగిపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఒక జవాబు పైకి చదివారు. ‘గురుత్వాకర్షణ అనగా గురువులకు ఉండవలసిన ఆకర్షణ. అది ఎవరిలోనూ కనిపించకపోవుటచేత న్యూటన్ దానిని కనుగొనవలసి వచ్చెను.’ చదివి, మా అందరి వైపూ చూసి, ‘దీనికి సున్నా వెయ్యనా, దండం పెట్టనా?’ అని అడిగారు. గదిలో ఉన్న ఐదుగురం కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాం. ఆ రోజు అందరికీ ఆరేసి పీరియడ్లు పడ్డాయి, ఇద్దరికి జలుబు, ఒకరికి ఇంట్లో ఏదో చికాకు. ఆ నవ్వు తరువాత గదిలో గాలి తేలికపడినట్టయింది.

గోడ అవతలివారికి వినిపించేది ఇంతవరకే. ఆ తరువాత జరిగినది వినిపించదు. నవ్వు తగ్గాక నాకొక సందేహం వచ్చింది. ఆ పిల్లవాడు పదాన్ని సరిగానే విడగొట్టాడు. తప్పు పోయింది అర్థంలో. ‘గురు’ అనే మాటకు బరువైనది అనే అర్థం ఉందని అతనికి ఎవరు చెప్పాలి? ఛందస్సు పాఠంలో లఘువు, గురువు అని గుర్తులు పెట్టించినది నేనే. లఘువు అంటే తేలికైనది, గురువు అంటే బరువైనది అని ఒక్క మాట అక్కడ చెప్పి ఉంటే సరిపోయేది. నేను చెప్పలేదు, గుర్తులు పెట్టించి మార్కులు వేసి ఊరుకున్నాను. ఆ మాట ఒప్పుకున్నాను. మాస్టారు మరుసటి రోజు ఆ పాఠాన్ని సూత్రంతో కాక ఆ మాటతోనే మళ్ళీ మొదలుపెట్టారు; నేను నా తరగతిలో ఛందస్సును ఒక బరువైన సంచీతో, ఒక తేలికైన సంచీతో మొదలుపెట్టాను. దీనికి ఏ శిక్షణ తరగతీ పెట్టలేదు, ఏ నివేదికా రాయలేదు. రెండు సబ్జెక్టుల మధ్య గోడలో ఒక చిన్న కిటికీ తెరుచుకుంది, అది తెరుచుకున్నది ఒక నవ్వు వల్ల.

ఈ ఉద్యోగం బయటికి కనిపించినంత తేలికైనది కాదని మీకు తెలుసు, కాని దాని బరువు ఎక్కడుందో ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది. అమెరికా విద్యావేత్త ఫిలిప్ జాక్సన్ ప్రాథమిక తరగతులలో కూర్చుని గమనించినదాన్ని 1968లో ప్రచురించినప్పుడు, ఒక ఉపాధ్యాయురాలు పిల్లలతో రోజుకు వెయ్యి సార్ల దాకా మాటలో, చూపులో, సైగలో ఏదో ఒక వ్యవహారం నడపవలసి వస్తుందని లెక్క చెప్పారు. ప్రతి ఒక్కదానిలోనూ ఒక చిన్న నిర్ణయం ఉంటుంది. ఇప్పుడు పిలవాలా వద్దా, ఈ అల్లరిని చూసీ చూడనట్టు వదలాలా, ఆ పిల్ల మౌనానికి కారణం ఇంట్లో ఉందా పాఠంలో ఉందా. ఇవన్నీ ముఖంలో ఏదీ కనిపించనివ్వకుండా తేల్చుకోవాలి. విసుగు వచ్చినా విసుగు చూపకూడదు, భయం వేసినా భయం చూపకూడదు, కొన్నిసార్లు నవ్వు వచ్చినా చూపకూడదు. ఉద్యోగంలో భాగంగా మనసును ఇలా అదుపులో పెట్టి చూపించడాన్ని ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1983లో విమాన సిబ్బందిని ఉదాహరణగా తీసుకుని ‘భావోద్వేగ శ్రమ’ అని పేరు పెట్టి వివరించారు. విమానంలో ప్రయాణికులు కొన్ని గంటల్లో దిగిపోతారు. మా ప్రయాణికులు మరునాడు ఉదయం మళ్ళీ అదే సీట్లలో ఉంటారు, హోంవర్క్ లేకుండా.

వేషం కట్టినవారికి తెర వెనుక ఒక చోటు కావాలి. కిరీటం దింపి, చెమట తుడుచుకుని, పక్క వేషధారితో రెండు మాటలు ఆడి, మళ్ళీ కిరీటం పెట్టుకుని రావడానికి. సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గోఫ్‌మన్ మనుషుల రోజువారీ నడవడిని రంగస్థలంతో పోల్చి చెప్పినది ఇదే. తెర వెనుక చోటు లేని నాటకం ఎక్కువసేపు నడవదు. స్టాఫ్‌రూమ్ తీసేసి ‘నీ తరగతిలోనే విశ్రాంతి తీసుకో’ అనడం నటుణ్ణి వేదిక మీదే పడుకోమనడంతో సమానం.

దీనికి ఒక మనిషిని ఉదాహరణగా చెప్పనివ్వండి. అప్పుడే కొత్తగా చేరిన ఒక యువ ఉపాధ్యాయురాలు ఒకరోజు మూడో పీరియడ్ తరువాత గదిలోకి వచ్చి కూర్చున్నారు. పుస్తకం తెరిచి చూస్తున్నారు గాని చదవడం లేదు. చేతులు వణుకుతున్నాయి. ముందు తరగతిలో అల్లరి, ఆ వెంటనే వరండాలో ఒక పిల్లవాడి తండ్రి అందరి ముందూ గట్టిగా అరిచి వెళ్ళడం, రెండూ ఒకదాని మీద ఒకటి జరిగాయి. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కాసేపటికి మా లెక్కల టీచరు, మాలో అందరికన్నా పెద్దావిడ, దిద్దుతున్న పుస్తకం మీద నుంచి తల ఎత్తకుండానే మొదలుపెట్టారు. ‘నేను చేరిన కొత్తలో తొమ్మిదో తరగతి గోల భరించలేక బయటికొచ్చి నోటీసు బోర్డు ముందు నిలబడ్డానమ్మా. పది నిమిషాలు అయినా కదల్లేదు. హెడ్మాస్టరుగారు వచ్చి ఏం చదువుతున్నారని అడిగారు. ఏం చెప్పాలో తెలీక, సెలవుల జాబితా సార్ అన్నాను. ఆయన నా పక్కన నిలబడి ఆయనా చదవడం మొదలుపెట్టారు.’ ఇంతలో భౌతికశాస్త్రం మాస్టారు అందుకున్నారు. ‘మీరు నయం మేడమ్, నేనైతే మొదటి ఏడాదికే ఆ జాబితా కంఠతా పట్టాను.’

ఆ అమ్మాయి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు ఎవరూ ఆమెకు సలహా ఇవ్వలేదు, తరగతిని ఎలా అదుపు చేయాలో ఉపన్యాసం చెప్పలేదు. ఆ పని మూడు రోజుల తరువాత ఆమే వచ్చి అడిగినప్పుడు జరిగింది, అప్పుడు లెక్కల టీచరు ఒక ఖాళీ పీరియడ్ మొత్తం ఆమెతో కూర్చుని, తరగతిలోకి ఎలా అడుగుపెట్టాలి, మొదటి రెండు నిమిషాలు ఏం చేయించాలి అన్నది ఒక్కొక్కటీ చెప్పారు. సలహా అడగడానికి ముందు మనిషికి తాను ఒక్కతే కానని తెలియాలి. ఆమెకు ఆ తెలివిడి కలిగించినది ఆ సెలవుల జాబితా కథ. ఇద్దరికీ కలిసి ఖాళీ రాని టైమ్‌టేబుల్‌లో ఆ కథ ఎప్పుడు చెప్పేవారు, ఆ పీరియడ్ ఎక్కడి నుంచి తెచ్చేవారు?

ఉపాధ్యాయ వృత్తిలోని ఈ ఒంటరితనం కొత్తది కాదు. ఉపాధ్యాయ వృత్తిని అధ్యయనం చేసిన సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లోనే బడిని గుడ్లు పేర్చే అట్టపెట్టెతో పోల్చారు: పక్కపక్కనే ఉంటాయి, ఒకదానికొకటి తగలకుండా ఏర్పాటు చేసి ఉంటుంది. నాకు ఆ పోలిక చదివినప్పుడల్లా ఇంకొకటి తోస్తుంది. ఆ అట్టపెట్టె గుడ్లు పగలకుండా ఉండటానికి చేసినది. మా విషయంలో మాత్రం పగుళ్ళు వచ్చేది ఆ గుంటల్లో ఒంటరిగా కూర్చున్నందుకే.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. స్టాఫ్‌రూమ్ అంటే జోకులు చెప్పుకునే చోటు అనుకుంటారు. నిజానికి మేము చెప్పుకునే జోకులు చాలా తక్కువ, చెప్పినవి కూడా అంత గొప్పవి కావు. నవ్వు మీద పరిశోధన చేసిన రాబర్ట్ ప్రొవైన్ జనం మధ్య సహజంగా వచ్చిన నవ్వులను సుమారు 1,200 దాకా నమోదు చేసి చూస్తే, వాటిలో హాస్యమని చెప్పదగ్గ మాట తరువాత వచ్చినవి ఐదో వంతు కూడా లేవు. మిగిలినవన్నీ ‘సరే, మళ్ళీ కలుద్దాం’, ‘అదిగో వచ్చాడు’ లాంటి మామూలు మాటల వెనుక వచ్చినవే. ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి ముప్పై రెట్లు ఎక్కువగా నవ్వుతాడని కూడా ఆయన చెప్పారు. మా గదిలో ఎవరైనా గడియారం వైపు చూసి ‘ఇంకా నాలుగో పీరియడేనా!’ అంటే చాలు, నలుగురు నవ్వుతారు. అందులో హాస్యం ఏముందని అడిగితే చెప్పలేం. అలసట ఒక్కరిది కాదని తెలిసినందుకు వచ్చిన నవ్వు అది.

నవ్వు ఒక్కటే కాదు, మౌనం కూడా ఉంది. దాని గురించి మాట్లాడేవారు తక్కువ. చివరి బెల్లు మోగాక, పిల్లలు వెళ్ళిపోయాక, వరండాల్లో చప్పుడు ఒక్కసారిగా తగ్గిపోయే సమయంలో ఇద్దరు ముగ్గురం గదిలో మిగిలి ఎర్ర కలాలతో దిద్దుకుంటూ ఉంటాం. అరగంట దాకా ఎవరూ మాట్లాడరు. మధ్యలో ఒకరు లేచి కిటికీ తెరుస్తారు. ఒకరు నిట్టూర్చి పుస్తకం మూస్తారు, ఇంకొకరు తల ఎత్తకుండానే ‘అయిపోయాయా?’ అంటారు, ‘ఇంకో కట్ట’ అని జవాబు వస్తుంది. అంతే సంభాషణ. నేను ఇన్నేళ్ళలో ధ్యానం నేర్పే తరగతులకు రెండుసార్లు వెళ్ళాను, ఆ ప్రశాంతత నాకు అక్కడ దొరకలేదు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో చూపించిన విషయం ఒకటి ఇక్కడ గుర్తుకొస్తుంది. ప్రశ్న అడిగిన తరువాత ఉపాధ్యాయులు జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారట. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయి, ఆలోచన పెరుగుతుంది. ఆ రెండు సెకన్లు ఆగడానికి మనసులో కాస్త తీరిక ఉండాలి. ఉదయం నుంచి ఊపిరి తీసుకోకుండా పరిగెత్తినవారి దగ్గర ఆ తీరిక ఉండదు.

మీ మీద కూడా నవ్వుకుంటాం. దాచడం దేనికి. ఒక పాఠశాలలో మాకు ఒక నిఘంటువు ఉండేది, పాత హాజరు పుస్తకం వెనుక పేజీల్లో రాసుకున్నది. ‘చిన్న సమాచారం’ అంటే రెండు రోజుల పని. ‘వెంటనే’ అంటే నిన్నటికే. ‘స్వచ్ఛందంగా’ అంటే తప్పనిసరిగా. ‘ఒక్క నిమిషం వచ్చి వెళ్ళండి’ అంటే పీరియడ్ పోయినట్టే. ‘అందరి అభిప్రాయాలూ తీసుకుని’ అనే మాటకు అర్థం ఖాళీగా వదిలిపెట్టాం. ఇది మీ చేతిలో పడితే కోపం వచ్చే మాట నిజమే. కాని ఆ నిఘంటువు రాసుకున్నవారే మీరు అడిగిన ఆ ‘చిన్న సమాచారాన్ని’ రాత్రి కూర్చుని పూర్తిచేసి మరునాడు బల్ల మీద పెట్టారు. నవ్వుకోవడానికి వీలున్న ఆజ్ఞను మోయడం సులువు. నవ్వు ఆగిపోయి అందరూ వినయంగా తల ఊపడం మొదలుపెట్టిన రోజున ఆ పాఠశాల గురించి దిగులు పడండి.

అయితే మా నవ్వులన్నీ మంచివని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. నాది ఒక తప్పు ఉంది, అది చెప్పకుండా మిగతాది చెబితే నిజాయితీ కాదు. ఒకసారి ఒక పిల్లవాడు రాసిన వ్యాసాన్ని గదిలో చదివి వినిపించాను. తప్పులు చాలా ఉన్నాయి, కొన్ని నిజంగా నవ్వు తెప్పించేవే. నేను ఊరుకోకుండా అతని పేరు చెప్పి, అతను మాట్లాడే తీరును అనుకరించాను కూడా. అందరూ నవ్వుతూ ఉండగా ఒకరు హఠాత్తుగా ఆగి తలుపు వైపు చూశారు. హాజరు పుస్తకం ఇవ్వడానికి వచ్చి ఆ పిల్లవాడే నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మరునాడు పక్కకు పిలిచి క్షమాపణ అడిగాను. ‘పర్వాలేదు టీచర్’ అన్నాడు. ఆ సంవత్సరం చివరిదాకా నాకు ఒక్క వాక్యానికి మించి జవాబు రాయలేదు.

హాస్యాన్ని అధ్యయనం చేసిన రాడ్ మార్టిన్, ఆయన సహచరులు 2003లో దాన్ని నాలుగు తీరులుగా విడగొట్టారు: మనుషులను దగ్గర చేసేది, కష్టంలో తనను తాను నిలబెట్టుకునేది, ఎదుటివారిని పొడిచేది, నలుగురి మెప్పు కోసం తనను తానే కించపరుచుకునేది. మొదటి రెండూ మేలు చేసేవి, మిగతా రెండూ కీడు చేసేవి. చదవడానికి ఇది స్పష్టంగానే ఉంది. గదిలో కూర్చున్నప్పుడు మాత్రం మొదటి దాని నుంచి మూడో దానిలోకి జారడానికి అరనిమిషం చాలు. పైగా ఆ జారడం అలసట ఎక్కువైనప్పుడే జరుగుతుంది. వృత్తిలో మనిషి అరిగిపోవడాన్ని కొలవడానికి మనస్తత్వ శాస్త్రవేత్తలు క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో ప్రచురించిన కొలమానంలో మూడు లక్షణాలు ఉన్నాయి. మొదటిది మనసు పూర్తిగా అలసిపోవడం, మూడోది తన పనికి విలువ లేదనిపించడం. ఆ రెండింటి మధ్యది నన్ను భయపెడుతుంది: తన దగ్గరికి వచ్చేవారిని మనుషులుగా చూడటం మానేయడం. ఆ రోజు నేను చేసినది అదే. ఆ సంఘటన తరువాత మా గదిలో ఒక కట్టుబాటు ఏర్పడింది. జవాబు చదివేటప్పుడు పేరు మీద బొటనవేలు పెట్టి చదవాలి. ఎవరూ దాన్ని కాగితం మీద రాయలేదు, ఇప్పటికీ అది నడుస్తోంది. ఇలాంటి కట్టుబాటు పుట్టడానికి కూడా ఒక గది కావాలి, ఆ గదిలో ఒకరి తప్పు ఒకరు చూసే వీలు కావాలి. ఒంటరిగా కూర్చున్నవారి చేదు మాటలను ఆపేవారు ఎవరూ ఉండరు.

ఇప్పుడు మీ ప్రయత్నాల గురించి ఒక మాట. ఉపాధ్యాయుల ఒత్తిడి గురించి ఈ మధ్య అందరూ మాట్లాడుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలో, వృత్తిలో అరిగిపోవడాన్ని జబ్బుగా కాక పని చేసే చోటుకు సంబంధించిన పరిణామంగా చేర్చింది. సరిగా నిభాయించని దీర్ఘకాలపు పని ఒత్తిడి దానికి మూలమని చెప్పింది. అంటే మందు వేయవలసినది ముందుగా పనికి. కాని చాలాచోట్ల జరుగుతున్నది వేరు. స్టాఫ్‌రూమ్ పోయిన ఆ పాఠశాలలోనే మరుసటి ఏడాది నెలకొకసారి ‘ఉల్లాస గంట’ పెట్టారు. హాజరు తప్పనిసరి, సంతకం కూడా చేయాలి. బయటి నుంచి ఒక శిక్షకుడు వచ్చి, అందరినీ వలయంగా నిలబెట్టి, చేతులు పైకెత్తి బిగ్గరగా నవ్వమన్నారు. నవ్వాం. ఫొటో సరిగా రాలేదంటే మళ్ళీ నవ్వాం. చివర ‘మీ ఒత్తిడికి కారణాన్ని చీటీ మీద రాసి ఈ డబ్బాలో వేయండి’ అన్నారు. నాకు తెలిసి కనీసం నలుగురు, ఒకరితో ఒకరు చెప్పుకోకుండానే, ‘ఈ గంట’ అని రాశారు. ఆ సంగతి మెట్ల దగ్గర బయటపడి మేము నవ్విన నవ్వే ఆ రోజు మొత్తానికి అసలైనది. పాపం ఆ శిక్షకుడి తప్పు ఇందులో ఏమీ లేదు, ఆయన మంచివాడే.

పైనుంచి ఆదేశించి, వేళ పెట్టి, ఫలితం చూపమని అడిగే ఇటువంటి కలయికను ఆండీ హార్‌గ్రీవ్స్ అనే విద్యా పరిశోధకుడు 1990లలో కృత్రిమ సహకారం అన్నారు. సహజమైనదానికి వేళ ఉండదు, అది ఎవరూ అడగకుండానే మొదలవుతుంది. మీరు దాన్ని తయారు చేయలేరు. చోటు వదలగలరు, అంతే. వాట్సాప్ గ్రూపు కూడా ఆ చోటు కాదు. మీరూ సభ్యులుగా ఉన్న గ్రూపులో రాత్రి తొమ్మిదింటికి వచ్చిన ఆదేశం కింద వరుసగా పడే నమస్కారపు బొమ్మలను చూసి అందరం సంతోషంగా ఉన్నామనుకోకండి.

కాబట్టి అడిగేవి ఇవి. టైమ్‌టేబుల్ వేసేటప్పుడు ప్రతి ఉపాధ్యాయునికీ వారంలో కనీసం రెండుసార్లు మరొకరితో కలిసే ఖాళీ ఉండేలా చూడండి. కొత్తగా చేరినవారి ఖాళీని అనుభవం ఉన్నవారి ఖాళీతో జత చేయండి. ఎవరైనా సెలవు పెట్టినప్పుడు ఆ జతనే మొదట విడదీయకండి. విరామ సమయంలో పిల్లల కాపలా ఎప్పుడూ ఒకరిద్దరి మీదే పడకుండా వంతులు వేయండి. ఒక గది ఇవ్వండి, అది చిన్నదైనా ఫరవాలేదు. అందులో కెమెరా వద్దు, ప్రకటనలు వినిపించే మైకు వద్దు, కుర్చీలు ఒకదానికొకటి ఎదురుగా ఉంటే చాలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునెస్కో కలిసి ఉపాధ్యాయుల స్థితిగతులపై చేసిన సిఫారసు 1966 అక్టోబరు 5న ఆమోదం పొందింది. బోధన గంటలు నిర్ణయించేటప్పుడు పాఠం సిద్ధం చేసుకోవడానికి, పిల్లల పని మదింపు చేయడానికి పట్టే కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని అందులో స్పష్టంగా ఉంది. తరగతి బయట గడిచే ఉపాధ్యాయుని సమయం వృథా కాదని పెద్ద సంస్థలు అంగీకరించి అరవై ఏళ్ళు కావస్తోంది. ఆ లెక్కలో మా పది నిమిషాలకు కూడా చోటు ఇమ్మంటున్నాను. ఒక్కరే ఉపాధ్యాయులు ఉన్న బడుల సంగతి వేరు; అక్కడ గది ఇచ్చినా కలవడానికి మనిషే లేరు. వారికి దగ్గరలోని బడులవారితో నెలకు ఒక పూట ఎజెండా లేకుండా కలిసే వీలు కల్పించగలిగితే అదే గొప్ప సహాయం.

ఇంకొక్క విషయం, ఇది అడగడం కాదు, ఆహ్వానం. నేను చూసిన ఒక ప్రధానోపాధ్యాయుడు వారానికి ఒకసారి ఫైలు ఏదీ పట్టుకోకుండా మా గదికి వచ్చి కూర్చునేవారు. మొదట్లో ఆయన రాగానే మాటలు ఆగిపోయేవి. ఒకరోజు ఆయనే ఒక కాగితం తెచ్చారు. తల్లిదండ్రులందరికీ అప్పటికే పంపించేసిన ఉత్తరం అది. ‘మన పాఠశాల క్రమశిక్షణకు పేరుపొందినది’ అని ఉండవలసిన చోట ‘శ్రమశిక్షణకు పేరుపొందినది’ అని అచ్చయింది. చదివి వినిపించి, ‘తప్పు పడిందనుకున్నాను గాని, ఆలోచిస్తే నిజమే పడింది’ అన్నారు. ఆ రోజు నుంచి ఆయన వచ్చినప్పుడు మాటలు ఆగలేదు. చాలాకాలం తరువాత, పదవీ విరమణ ముందు, ఆ గదికి రావడం మా కోసం కాదని ఆయనే చెప్పారు. కార్యాలయంలో తలుపు వేసుకుంటే తనతో నవ్వే మనిషి ఒక్కరూ ఉండరని, అది తెలియడానికి తనకు రెండేళ్ళు పట్టిందని అన్నారు. మీ ఒంటరితనం మా ఒంటరితనం కన్నా తక్కువదని నేను అనుకోవడం లేదు. మా గదిలో ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. నిఘంటువు మాత్రం మీరు వచ్చే ముందు సొరుగులో పెట్టేస్తాం.

వచ్చే విద్యా సంవత్సరం టైమ్‌టేబుల్ ఇంకా పెన్సిలుతోనే ఉండి ఉంటుంది. కలంతో రాయకముందే మాలో ఇద్దరిని పిలవండి. పీరియడ్లన్నీ నిండేలా, ఏ తరగతీ ఖాళీ పడకుండా, ఆ పది నిమిషాలు మిగిలేలా ఎలా సర్దవచ్చో మీ ఎదురుగా కూర్చుని గళ్ళు గీసి చూపిస్తాం. రబ్బరు కూడా మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక భాషోపాధ్యాయురాలు